గాలి వచ్చే మంచం

మా ఆస్పత్రిలో నన్నందరూ లెక్కలమ్మ అంటారు. ముఖం మీద అనరు, నేను నాలుగడుగులు వేశాక అంటారు. నాకు చెవులు లేవనుకుంటారు కాబోలు. నేనూ నర్సునే, కానీ సూది వదిలేసి పదకొండేళ్లయింది. నా పని ఇన్ఫెక్షన్ల లెక్క. ఎవరు చేతులు కడిగారు, ఎవరు కడిగినట్టు నటించారు, ఏ రోగికి మెడ నరంలో గొట్టం పెట్టి ఎన్నాళ్లయింది, ఎవరికి జ్వరం తగిలింది, అది ఇంటి నుంచి తెచ్చుకున్నదా మేం అంటించిందా, ఇవన్నీ రాస్తాను. ఆపరేషన్ అయినవాళ్లని ఉంచే పన్నెండు మంచాల వార్డు గుమ్మం పక్కన తెల్లబోర్డు పెట్టించింది కూడా నేనే. పైన ‘గొట్టం ఇన్ఫెక్షన్ లేని రోజులు’ అని ఉంటుంది, కింద అంకె. రోజూ పొద్దున్నే నా చేత్తో తుడిచి నా చేత్తో రాస్తాను. ఒక్క ఇన్ఫెక్షన్ తేలిందా, అంకె సున్నాకి పడిపోతుంది.

మొదట్లో ఆ బోర్డు మంచే చేసింది, ఎందుకు కాదనాలి? సున్నా పడిన రోజు వార్డంతా తలలు వేలాడేసుకునేది. చేతులు కడుక్కోమని నేను పదేళ్లు గొంతు చించుకుంటే రాని బుద్ధి ఆ అంకెతో వచ్చింది. కానీ ముప్పై దాటాక నాకు దాని మీద మమకారం పుట్టింది. అరవై దాటాక భయం పుట్టింది.

ఆ భయంతోనే ఒక రూలు పెట్టాను. గొట్టం ఉన్నవాళ్లకి జ్వరం వస్తే రక్తం తీసి సీసాలో పోసి ల్యాబుకి పంపుతారు. ఏ క్రిమి, ఏ మందుకి లొంగుతుంది అన్నది అక్కడ తేలుతుంది. నన్నడక్కుండా ఆ సీసా వార్డు దాటకూడదు అన్నాను. అయినదానికీ కానిదానికీ పంపేస్తున్నారు, చర్మం మీది క్రిములు అందులో పడి లేని జబ్బు చూపిస్తున్నాయి అని కారణం చెప్పాను. కారణం నిజమే. సీసా వెళ్లకపోతే రిపోర్టు రాదు, రిపోర్టు రాకపోతే ఇన్ఫెక్షనే లేదు అన్నది కూడా నిజమే, అది పైకి చెప్పలేదు. వార్డు నుంచి ఫోన్ వస్తే మంచం నంబరు అడిగేదాన్ని, జ్వరం ఎంతో అడిగేదాన్ని, రేపు చూద్దాం అనేదాన్ని. చాలామందికి రేపటికి తగ్గిపోయేది. తగ్గనివాళ్లకి ఏదో ఒక మామూలు మందు నడిచేది. వాళ్లేమయ్యారో నేను వెళ్లి కనుక్కోలేదు.

ఇక ఏడో మంచం సంగతి. బోర్డు పెట్టక ముందు ఏడాదిలో ఆ ఒక్క మంచం మీదే ముగ్గురికి ఇన్ఫెక్షన్ వచ్చింది, ముగ్గురికీ ఒకే క్రిమి. పాత లెక్కలు తిరగేస్తుంటే నాకు అనుమానం వచ్చింది. మంచానికి రెండడుగుల దూరంలో చేతులు కడిగే సింకు ఉంది, కుళాయి తిప్పితే తుంపర్లు మంచం దాకా వస్తాయి. సింకు కన్నంలో దూది పుల్ల తిప్పి ల్యాబుకి పంపితే అదే క్రిమి. మందులన్నీ దానికి మంచినీళ్లే, ఒక్క పెద్దమందుకి మాత్రం లొంగుతుంది. ఆ కాగితాలు పట్టుకుని సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లాను. సింకు పీకి గొట్టాలు మార్చాలంటే వార్డు పది రోజులు మూయాలన్నాడు. మన బోర్డుకి అవార్డు ఇస్తామంటున్నారు, అది అయ్యాక చూద్దాం, అప్పటిదాకా మనిద్దరి మధ్యే ఉండనీ అన్నాడు. నేను తలాడించాను. కాగితాలు సొరుగులో పెట్టి తాళం వేశాను. మెడలో గొట్టం ఉన్నవాళ్లు ఏడో నంబరుకి రాకుండా ఏదో వంక పెట్టి తప్పించేదాన్ని. నా అంకె అలా పెరిగింది.

వార్డు ఇంచార్జికి కూడా చెప్పలేదు. ఆవిడా నేనూ ఒకే బ్యాచ్, హాస్టల్లో ఒకే గదిలో మూడేళ్లు ఉన్నాం. చెబితే ఊరుకునే మనిషి కాదు, ఆ పూటే వార్డుకి తాళం వేయించేది. అందుకే చెప్పలేదు.

బోర్డు మీద తొంభై ఒకటి ఉన్న రోజు మా చెల్లిని అదే వార్డుకి తెచ్చారు. పేగుకి ఆపరేషన్. వారం దాకా నోటితో ఏమీ తినకూడదు, అంతా మెడలో పెట్టిన గొట్టం ద్వారానే. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది. అమ్మ పోయేనాటికి దానికి ఆరేళ్లు. జడ వేసింది నేను, బడికి దింపింది నేను, పెళ్లిలో పక్కన నిలబడింది నేను. దానికి ఏమన్నా అయితే నేను బతకను అనుకునేదాన్ని. అనుకోవడానికేం, బతికే ఉన్నాను.

ఖాళీగా ఉన్నది ఏడో మంచం ఒక్కటే. నా రికార్డులో అన్నిటికంటే శుభ్రమైన మంచం రెండోది, మూల గోడ పక్కన, సింకుకి దూరంగా. దాని మీద ఒక ముసలమ్మ ఉంది. ఆవిడ మెడలోనూ గొట్టం ఉంది. లేపి ఏడుకి పంపించాను. తెలిసే పంపించాను. ఎందుకే ఆ ముసలామెని కదపడం అని ఇంచార్జి అడిగితే, మా చెల్లికి గోడ పక్కన ప్రశాంతంగా ఉంటుందని చెప్పాను. ఆవిడ మూతి ముడుచుకుంది గానీ ఎదురు చెప్పలేదు.

చెల్లికి మత్తు వదిలాక నేను అలవాటు కొద్దీ ఎవరితోనో ఫోన్లో రెండో మంచం, రెండో మంచం అంటుంటే అది కళ్లు సగం తెరిచి నవ్వింది.

“నాకో పేరుంది అక్కా. నువ్వే పెట్టావంట. మర్చిపోకు.”

నోరు మూసుకుని పడుకోమన్నాను. నుదుటి మీద చెయ్యి వేసి చూశాను, చల్లగా ఉంది. మర్నాడే అవార్డుకి బయల్దేరాను. పోను, అక్కడ మూడు రోజుల సభలు, రాను, మొత్తం అయిదు రోజులు. చెల్లిని వదిలి ఎలా వెళ్లానంటారా? రెండో మంచం ఉంది కదా అన్న ధైర్యంతో వెళ్లాను. ఇంకో మాట, అవార్డు ఇంకెవరి చేతికో ఇస్తారేమో అన్న కుళ్లుతో వెళ్లాను.

నేను వెళ్లిన మధ్యాహ్నమే ఇంచార్జి రౌండ్లకి వచ్చిందట. మూల మంచం దగ్గర గాలి ఆడదు. మా చెల్లి చెమటలు కక్కుతూ, నిద్ర పట్టడం లేదు సిస్టర్ అందట. అటు ముసలమ్మ, కుళాయి చప్పుడుకి తలనొప్పి వస్తోందని సణుగుతోంది. ఏడో మంచం కిటికీ పక్కన, గాలే గాలి, పైగా నర్సుల బల్లకి ఎదురుగా. మా దాని చెల్లెలు ఈ ఉక్కలో ఉండడమేంటి అని ఇంచార్జి తనే మంచం తోసుకుంటూ ఇద్దరినీ మార్చేసింది. ప్రేమతోనే మార్చింది. నాకు ఫోన్ చేస్తే నేనేదో రూలు మాట్లాడతానని చేయలేదు.

ఆ సాయంత్రం మరిది ఫోన్ చేశాడు. వదినా, మీ వాళ్లు మంచి చోటిచ్చారు, దానికి హాయిగా ఉంది అన్నాడు. నేనిచ్చిన చోటు గురించే అనుకుని మురిసిపోయాను. ఏ చోటు అని ఒక్క మాట అడిగితే నా నోటి ముత్యాలు రాలిపోయేవా?

తొంభై అయిదో రోజు. పెద్ద హాల్లో నా అంకెలు తెర మీద వేసి మాట్లాడి అప్పుడే కిందికి దిగాను. చప్పట్లు ఇంకా ఆగలేదు. వార్డు నుంచి ఫోన్. ఇంచార్జికి ఆ రోజు సెలవు, వేరే వార్డు నుంచి బదులు వచ్చిన నర్సు చేసింది. పాపం కొత్తది, రూలు మాత్రం ఎవరో చెప్పి ఉంటారు.

“మేడం, ఏడో మంచానికి నూట రెండు జ్వరం. వణుకు కూడా ఉంది. రక్తం సీసా పంపమంటారా?”

ముసలమ్మ కళ్ల ముందు మెదిలింది. పాపం అనిపించలేదు. కొంప మునిగింది, అంకె పోతుందే అనిపించింది. తెర మీద తొంభై అయిదు ఇంకా వెలుగుతోంది.

“ఆ వయసులో వణుకు మామూలేనమ్మా. సీసా వద్దు. మామూలు మందు నడిపించు, రేపు చూద్దాం.”

ఆ పిల్ల ఏదో అనబోయినట్టుంది. నేను పెట్టేశాను. ఎవరో పూలగుత్తి ఇస్తుంటే అందుకున్నాను. మర్నాడు మళ్లీ ఫోన్ రాలేదు, నేనూ చేయలేదు.

తొంభై ఏడో రోజు పొద్దున దిగీ దిగగానే ఇంటికి కూడా వెళ్లకుండా వార్డుకి వచ్చాను. సంచిలో అవార్డు కప్పు ఉంది, చెల్లికి చూపించాలని. గుమ్మం పక్క బోర్డు మీద ఇంచార్జి రాసిన తొంభై ఏడు చూసుకుని లోపలికి నడిచాను. రెండో మంచం మీద ముసలమ్మ కూర్చుని తల దువ్వుకుంటోంది. మెడలో గొట్టం తీసేశారు, ఇంటికి పంపిస్తున్నారు.

“నీ చెల్లెలు బంగారం తల్లీ. తన చోటు నాకిచ్చింది” అంది.

ఏడో మంచం దాకా నడిచానో పరిగెత్తానో గుర్తులేదు. అక్క అవార్డు పనిలో ఉంది, చెప్పొద్దని మరిదినీ ఇంచార్జినీ అదే ఆపిందట. చెల్లి పెదాలు నల్లబడ్డాయి. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది, వేళ్ల చివర్లు మాత్రం ఐసుముక్కలు. కిటికీ గాలికి దాని జుట్టు ఎగురుతోంది. నన్ను చూసి గుర్తుపట్టింది.

“నా నంబరు మారింది అక్కా” అంది.

అదే నాతో దాని ఆఖరి మాట.

డ్యూటీ డాక్టర్ని కేకేసి ఆ పెద్దమందు పేరు చెప్పాను, ఇప్పుడే ఎక్కించండి అన్నాను. రిపోర్టు లేదు, సీసాయే పంపలేదు, ఏ క్రిమో తెలియకుండా అంత మందు ఎలా ఎక్కిస్తామన్నాడు. వాదించడానికి టైము లేదు.

“ఏడో మంచానికి వచ్చే క్రిమి అదే. ఆ మందుకి తప్ప దేనికీ లొంగదు. ఎక్కించండి.”

పక్కన ఇంచార్జి సెలైన్ సీసా పట్టుకుని నిలబడి ఉంది. “నీకెలా తెలుసే?” అంది.

సింకు వైపు చూశాను. ఆవిడా అటే చూసింది. ఆవిడది ముప్పై ఏళ్ల సర్వీసు, విడమరిచి చెప్పక్కర్లేదు. “నేనే కదే నా చేతులతో తోసుకొచ్చాను” అంది, అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది.

మందు ఎక్కింది. ఆ తర్వాత గంటకి ఎవరో గుర్తుచేస్తే రక్తం తీసి సీసా పంపాం. ముందు రక్తం, తర్వాత మందు. ఈ మాట పదకొండేళ్లుగా ఎన్ని వందల మందికి పాఠం చెప్పానో! మందు పడ్డాక తీసిన రక్తంలో క్రిమి దొరకదు. నా చెల్లి దగ్గరికి వచ్చేసరికి నేనే తలకిందులు చేశాను. సాయంత్రం అయిదింటికి అది పోయింది.

మూడో రోజు రిపోర్టు వచ్చింది. రక్తంలో ఏ క్రిమీ లేదు. నేను సూపరింటెండెంటు గదికి వెళ్లి, బోర్డు సున్నా చేస్తాను అన్నాను. ఏడుస్తూనే అన్నాను. ఆయన కుర్చీ చూపించి మంచినీళ్లు ఇప్పించాడు. సాక్ష్యం ఏదమ్మా, రిపోర్టులో లేనిది లెక్కలోకి రాదు, ఈ రూలు మీరే కదా రాశారు అన్నాడు. మెత్తగానే అన్నాడు. పన్నెండింటికి ఫొటోల వాళ్లు వస్తున్నారు, ఇవాళ వందో రోజు, సింకు పని వచ్చే నెల పెట్టుకుందాం అన్నాడు. నేను లేచి కాలర్ పట్టుకోవాల్సింది. సరే సార్ అని బయటికి వచ్చాను. ఇన్నేళ్లు కూడబెట్టుకున్న పేరు కదా, వదలబుద్ధి కాలేదు.

బోర్డు దగ్గర ఇంచార్జి నిలబడి ఉంది. మూడు రోజులుగా ఆవిడ అంకె మార్చలేదు, తొంభై ఏడు అలాగే ఉంది. నన్ను చూసి జేబులోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టింది. అప్పుడే మరిది వచ్చాడు, మరణ ధ్రువపత్రం కోసం. గడ్డం మాసిపోయింది, చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పాయి. నన్ను చూడగానే రెండు చేతులూ జోడించాడు.

“మీరుండబట్టే వదినా, ఆ కిటికీ పక్కన గాలొచ్చే మంచం దొరికింది. చివరి రోజుల్లో అదొక్కటే దానికి సుఖం. మీ మేలు మర్చిపోను.”

ఇంచార్జి నా ముఖంలోకి చూసింది. చెబుతుందేమో అనుకున్నాను. ఆవిడ చెప్పలేదు. నేను చెబుతానేమోనని చూస్తోంది. నేను వెనక్కి తిరిగి తొంభై ఏడు తుడిచేసి వంద అని రాశాను. మరిది ఆ అంకె వైపు చూసి, అదేంటి వదినా అని అడిగాడు. ఈ వార్డులో ఎవరికీ ఇన్ఫెక్షన్ రాని రోజులని చెప్పాను.

“వంద రోజులా” అన్నాడు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. “మరి మన దానికి ఏమొచ్చింది వదినా?”

“ఒంట్లో బలం లేదు నాయనా, అంతే” అన్నాను.

అవును, ఎప్పుడూ సరిగా తినేది కాదు అని అతను కళ్లు తుడుచుకున్నాడు.