ఐదు అచ్చులు, దారి పొడవునా ఫ్లెక్సీలు

స్వరూప ఏం పని చేస్తుందో సొంతూరు పాలకీడులో ఎవరికీ సరిగ్గా తెలియదు. 2001లో హైదరాబాదు వెళ్లి బొమ్మలు అచ్చు వేయడం చదివింది, అదే చదువు పిల్లలకు చెప్పే లెక్చరర్ అయింది, అంతవరకు బాగానే ఉంది. కానీ చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితానికి అద్ది, అనుకున్నన్ని కాపీలు రాగానే ఆ చెక్కకు అడ్డంగా గాటు పెట్టడమేమిటి? "మంచిగున్న చెక్కను ఖరాబ్ జేసుడు గూడ సదువేనా?" అని తల్లి మైసమ్మ అడిగింది. ఇవే ఉన్నాయి, ఇంకొకటి పుట్టదు అని కొనేవాళ్లకు మాటివ్వడమని స్వరూప ఎంత చెప్పినా లాభం లేకపోయింది. గొర్రెలు కాచే ఇంట్లో ఇంకొకటి పుట్టదన్న మాట ఎవరికి నచ్చుతుంది?

తర్వాత స్వరూప చెక్కను వదిలి కంప్యూటర్ పట్టుకుంది. అసలు గొడవ అక్కడ మొదలైంది. కంప్యూటర్ బొమ్మను ఎన్నిసార్లయినా తీయవచ్చు, అదేం అచ్చు అని పెద్దలు పెదవి విరిచారు. అందరికన్నా గట్టిగా విరిచింది విజయవాడ సత్యనారాయణ మాస్టారు, చెక్క అచ్చులో చేయి తిరిగిన మనిషి. స్వరూపకు పంతం వచ్చింది. గొర్రె వీపు మీద రంగు గుర్తు వేయబోతున్న తల్లిని కంప్యూటర్లో గీసి, మంచి కాగితం మీద ఐదంటే ఐదే తీసి, ఫైలు చెరిపేసింది. ఫైలు చెరపడమంటే చెక్కకు గాటు పెట్టడమే అని పెద్ద వ్యాసం కూడా రాసింది. ఆ వ్యాసం మీదే ఇప్పుడు హైదరాబాదులో ప్రమోషన్ ఇంటర్వ్యూ. ప్రశ్నలడగడానికి వచ్చేది మరెవరో కాదు, ఆ మాస్టారే.

ఒక చిన్న సంగతి మాత్రం ఆమె మరిచిపోయింది. రంగులెలా వస్తాయో చూసుకోవడానికి ఆ బొమ్మను సూర్యాపేటలో ఫ్లెక్సీల షాపు నడిపే మేనమామ కొడుకు శ్రీను దగ్గర ఒకసారి తీయించి, చూసి చింపేసింది. తన పెన్‌డ్రైవ్ చెరిపింది, తన కంప్యూటర్ చెరిపింది. శ్రీను కంప్యూటర్ సంగతి బుర్రకు తట్టనే లేదు.

2013లో సూర్యాపేట పక్కన గుట్ట మీద జరిగే పెద్దగట్టు జాతర వచ్చింది. ఆదివారం జాతర, మంగళవారం ఇంటర్వ్యూ. దేవునికి మొక్కుకుని పోదామని సూర్యాపేట హైవే మీద బస్సు దిగిన స్వరూప తలెత్తి చూసి అక్కడే ఆగిపోయింది. స్తంభానికొక మైసమ్మ! భక్తులకు స్వాగతం చెబుతూ ఒక్కో పెద్దమనిషి ఫోటో, పక్కన గొర్రె మీద చేయి చాపిన మైసమ్మ. ఒకదాంట్లో ఆమె మెడలో రెండు వరసల బంగారు గొలుసు కూడా ఉంది.

"ఏం జేసినవ్ రా శ్రీనూ?" అంటూ షాపులోకి ఉరికింది.

"ఎట్లున్నది వదినె?" అన్నాడు శ్రీను పళ్లన్నీ బయటపెట్టి. "గిరాకి ఆగుతలేదు. అందరికి మైసమ్మత్త బొమ్మనే గావాల్నట. ఊకెనే పెట్టలే మల్ల, ఎవలింటి ఫ్లెక్సీల ఆళ్లింటి గుర్తు ఏసిన. ఏరేటోళ్ల గొర్రెను పెడితె ఊకుంటరా?"

స్వరూప గీసిన గొర్రె వీపు మీద గుర్తు లేదు, చేయి ఇంకా తగలలేదు కదా. ఆ ఖాళీని శ్రీను శ్రద్ధగా నింపాడు. ఒకదాంట్లో మూడు గీతలు, ఒకదాంట్లో బొట్టు, ఇంకోదాంట్లో కత్తెర గుర్తు. మందలు కలిసిపోతే ఆ గుర్తులు చూసే విడదీసుకుంటారు. పరాయి గొర్రెకు రంగు పెట్టేవాణ్ని ఆ వైపు ఒకే మాటతో పిలుస్తారు, దొంగ అని.

అంతలో మైసమ్మే వచ్చింది, కొంగు నడుముకు దోపి.

"ఇజ్జత్ తీసినవ్ గద రా! అంజన్న గొర్రె మీద నా చెయ్యి, కోటయ్య గొర్రె మీద నా చెయ్యి. గట్టు కాడ అందరు నవ్వుతున్రు. మైసమ్మా, మా మందలకెల్లి ఎన్ని గొట్టినవే అని అడుగుతున్రు." తిడుతూ తిడుతూనే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అన్ని ఇప్పెయ్ రా," అంది స్వరూప. "రేపు మా సారు ఈ తొవ్వనే వస్తడు."

"ఇప్పుడు ఇప్పితె నా షాపు ఇప్పుతరు వదినె."

"ఇప్పెయ్యుడెందుకు?" అంది మైసమ్మ. "మన గుర్తు ఏసి ఒక్కటి గట్టున్రి. అన్నిట్ల పెద్దది. మైసమ్మ ముట్టింది మైసమ్మ గొర్రెనే అని తెల్వాలె."

స్వరూపకు ఏమీ పాలుపోలేదు. మిగతావంటే శ్రీను తప్పు. ఇది కడితే తన మాట తానే తప్పినట్టు. ఉద్యోగం సంగతి దేవుడెరుగు, మాస్టారి ముందు తలెత్తుకునేదెట్లా? తల్లి ముఖం చూసింది. శ్రీనును లేపి తానే కంప్యూటర్ ముందు కూర్చుని, గొర్రె వీపు మీద తమ ఇంటి నెలవంక గీసింది.

మర్నాడు పొద్దున ఆ ఫ్లెక్సీ కడుతూ స్వరూప నిచ్చెన మీదుండగా ఫోను మోగింది. "కోదాడలో ఇడ్లీ తింటున్నానమ్మా," అన్నారు మాస్టారు. "దారిలో నీ వ్యాసం మళ్లీ చదివాను. నన్ను ఓడించావు. రేపు అందరిముందూ ఆ మాటే చెబుతాను." ఆయన కారులో నిద్రపోతే బాగుండునని స్వరూప గుర్తున్న దేవుళ్లందరికీ మొక్కింది.

మాస్టారు నిద్రపోలేదు. కారు వచ్చి సరిగ్గా నిచ్చెన పక్కనే ఆగింది. ఆయన దిగి, నోరు తెరిచేలోగా మైసమ్మ, "అయ్యా, జర ఆ తాడు వట్టుకో, వంకరవోతున్నది," అంది. పెద్దాయన తాడు పట్టుకున్నారు.

"ఎన్ని తీశావమ్మా?" అని తాడు పట్టుకునే అడిగారు.

"నేను తీసినవి ఆరు సార్. ఇది ఆరోది. మిగతావి ఎన్నో నాకే తెలియదు."

"ఐదని రాశావు. నేను నమ్మాను." ఆయన గొంతులో కోపంకన్నా బాధే ఎక్కువుంది. "రేపు నన్నేం చెప్పమంటావు?"

"చూసింది చెప్పండి సార్."

కారు కదిలాక మైసమ్మ ఆరా తీసింది. సంగతి తెలిశాక మెల్లగా అంది, "తీసెయ్ బిడ్డా. నవ్వేటోళ్లు రెండొద్దులు నవ్వుతరు. నీ నౌకరి మీదికి దెచ్చుకోకు."

"ఉండనీ అమ్మా," అని స్వరూప ముడి గట్టిగా బిగించింది.

మంగళవారం, మాస్టారు అడగకముందే అంతా తానే చెప్పేసింది. మాస్టారు తల దించుకున్నారు. ప్రమోషన్ ఈసారికి లేదని సాయంత్రానికే తేలిపోయింది. ఏడవలేదంటే అబద్ధం. బుధవారం బస్సులో కిటికీ వైపు తిరిగి చౌటుప్పల్ దాకా ఏడ్చింది.

సూర్యాపేటలో దిగేసరికి ఫ్లెక్సీ కింద మైసమ్మ జాతర చీరలో నిలబడి ఉంది. వచ్చేపోయేవాళ్లను ఆపి మరీ చూపిస్తోంది. "గొర్రె నాది, చెయ్యి నాది," అంటోంది. "బొమ్మ నా బిడ్డది. పిల్లలకు అచ్చులేసే సదువు చెప్తది."

ఇన్నేళ్లలో తల్లి నోట తన పని పేరు వినడం స్వరూపకు అదే మొదటిసారి. వెనకనుంచి వెళ్లి పిలవబోయి ఆగింది. ఇంకో ఇద్దరు వచ్చారు, వాళ్లకు కూడా చెప్పనీ అనుకుంది.