మిస్రీకి ఆముదం

శ్రీవాణి ఫోన్ పెట్టేసినంక ఇందిరమ్మ చేసిన మొదటి పని, మంచం కింద పండిన పిల్లిని ఇవతలికి గుంజి కడుపు చూసుడు. చూసి, "ఓయమ్మో, సచ్చిన్నే" అన్నది.

ఆ పిల్లి పేరు మిస్రీ. తెల్లటి బొచ్చు పిల్లి, ఎవరో బొటనవేలితో నొక్కినట్టు చప్పిడి ముక్కు. గద్వాలల అట్లాంటి పిల్లిని ఇందిరమ్మ ఇంకెక్కడా చూడలే. కోడలు శ్రీవాణి వనపర్తి నుంచి కాపురానికి వస్తూ వస్తూ చీరల పెట్టెతో పాటు దాన్ని కూడ తెచ్చుకుంది. పిల్లిని పక్కల పండబెట్టుకునే కోడలు ఎవరికన్న ఉంటదా! అయినా ఇందిరమ్మ నోరు మూసుకుంది. "అమ్మా, పిల్లి సంగతిల మాట రావద్దు" అని కొడుకు శ్రవణ్ కుమార్ ముందే చెప్పి పెట్టిండు.

చలికాలంల శ్రీవాణి పురుటికి పుట్టింటికి పోతా పోతా చేతిల దువ్వెన పెట్టి, "రోజుకు ఒక్కసారి దువ్వండి అత్తమ్మా, అంతే" అని మరీ మరీ చెప్పింది. ఇందిరమ్మ సరేనన్నది. పాలన్నం పెట్టింది, నీళ్లు పెట్టింది. దువ్వెనను కిటికీల పెట్టింది, అది అక్కడనే ఉండిపోయింది. ఎండకాలం వచ్చేసరికి పిల్లి చంకలల్ల, కడుపు కింద, తోక మొదట్ల బొచ్చంతా ఉండలు కట్టి, తడిసి ఎండిన పత్తి లెక్క బిగుసుకపోయింది.

ఇప్పుడు కోడలు ఫోన్ల చెప్పింది ఏందంటే, సోమవారం తాను బిడ్డను తీసుకొని వస్తుంది. ఆ లోపల, ఆదివారం పొద్దున, మిస్రీని యేసయ్య దుకాణానికి తీసుకపోవాలె. యేసయ్య హైదరాబాదుల పని నేర్చుకొచ్చి, విత్తనాల కంపెనీ ఆఫీసర్ల కుక్కలను నమ్ముకొని బస్టాండు దగ్గర దుకాణం పెట్టిండు. ఊరోళ్లు దాన్ని కుక్కల సెలూన్ అంటరు.

"అపాయింట్‌మెంట్ తీసిన అత్తమ్మా. తానం ఆయనే చేయిస్తడు. మీరు చిక్కులు లేకుండ తయారు చేసి తీస్కపోతే చాలు. చిక్కులుంటే మిషన్ పెట్టి గుండు చేస్తడట" అన్నది శ్రీవాణి.

గుండు! మల్దకల్ తిమ్మప్పకు మొక్కుకుంటే గుండు, ఇంట్ల పెద్దదిక్కు పోతే గుండు. పసిబిడ్డ మొదటిసారి గడపల అడుగు పెట్టేనాడు ఎదురుంగ గుండు పిల్లి నిలబడుతదా?

అయినా ఇందిరమ్మ అసలు భయం గుండు గాదు. జూన్ల శ్రీవాణి మళ్లా బడికి పోవాలె, టీచరు కొలువు. అప్పుడు బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకా తేలలే. మొన్న కొడుకు ఫోన్ల మాట్లాడుతుంటే తలుపు చాటు నుంచి చెవుల పడ్డది. "మా అమ్మ చూస్కుంటదే... సరే, నువ్వొచ్చి చూసినంకనే చెప్పు. వనపర్తిల ఉంచుదామంటే ఉంచుదాం, శనివారం శనివారం పోయొద్దాం." ఆనాటి సంది ఇందిరమ్మకు అన్నం లోపలికి పోతలేదు. మనుమరాలు ఆ ఊర్ల, తాను ఈ ఊర్లనా?

"పిల్లినే చూడనామె పిల్లనేం చూస్తది అంటరు. ఎందుకనరు?" అని మొగని ముందర కండ్లల్ల నీళ్లు పెట్టుకుంది.

భీమన్న చేనికి పోయే తొందరల ఉన్నడు. "దువ్వితే పోయేదానికి ఏడుస్తవేందే? ఆదివారం దాక టైమున్నది గదా" అని సైకిలెక్కిండు.

కోడలు "తయారు" అన్నది. తానానికి ఇందిరమ్మ ఎరిగిన తయారు ఒకటే, నూనె పెట్టుడు. పండుగ గానీ పబ్బం గానీ, నూనె అంటకుండ తల మీద చెంబెడు నీళ్లు పోసుకునుడు ఆ ఇంట్ల లేదు. అందునా బిగిసిన చిక్కుకు కొబ్బరినూనె ఏం పనికొస్తది, ఆముదమే గట్టిది. ముంతెడు ఆముదం వెచ్చచేసి, పిల్లిని కొంగుల చుట్టి పట్టుకొని, చెవుల కాడి నుంచి తోక దాక దండిగ మర్దన చేసి విడిచిపెట్టింది. జర నానితే చిక్కులు వాటంతటవే ఊడొస్తయని సంబరపడ్డది.

పిల్లి తన ఒళ్లు తాను నాకుకుంటదని ఆ సంబరంల యాదికి రాలే. ఆముదం కడుపులకు పోతే ఏమైతదో మాత్రం ఊర్ల చిన్నపిల్లలకు గూడ ఎరుకే.

పొద్దు గూకేసరికి ఇల్లు ఇల్లు లెక్క లేదు. మంచం కింద, బియ్యం డబ్బా వెనక, ఆఖరికి భీమన్న చెప్పులల్ల. చెప్పు రెండు వేళ్లతో పట్టుకొని భీమన్న వాకిట్ల నిలబడ్డడు.

"పిల్లికి విరేచనాల మందు పోసినవా ఏందే?"

"మందు గాదయ్యా, నూనె పెట్టిన!"

"ఏం నూనె?"

"ఆముదం."

నవ్వాల్నో తిట్టాల్నో తెల్వక భీమన్న చెప్పు కడుక్కోను బోరింగు కాడికి పోయిండు.

ఇప్పుడు చిక్కులకు తోడు జిడ్డు, జిడ్డుకు తోడు మట్టి, మట్టికి తోడు చెప్పరానిది. ఇందిరమ్మ పరేషాన్ అయ్యి యేసయ్యకు ఫోన్ చేసింది. ఆయన నవ్వు ఆపుకొని, "కుంకుడుకాయ పెట్టకమ్మా, కండ్లు మండుతయి. గోరువెచ్చని నీళ్లు, పసిపిల్లల సబ్బు. బకెట్ల ముంచకు, బెదురుతది. పసిపిల్లకు పోసినట్టే పొయ్యి" అన్నడు.

పసిపిల్లకు పోసినట్టు. ఆ మాటకు ఇందిరమ్మ ఫోన్ చేతిల పట్టుకొని అట్లనే కూసుంది. శ్రవణ్‌ను కన్నది తానే గని, నీళ్లు పోసింది అత్త అలివేలమ్మ. తెల్లారకముందే తాను విత్తనాల పత్తి చేన్ల క్రాసింగుకు, మొగ్గలు గిల్లి పూలు కలిపే కూలికి, పోయేది. వచ్చేసరికి పిల్లగాడు తానం చేసి, సాంబ్రాణి పొగ వాసనతోని పండుకొని ఉండేటోడు. కన్నబిడ్డను ఒక్కనాడు గూడ కాళ్ల మీద ఏసుకోలే. ఈ సంగతి ఎవరికీ చెప్పుకున్నది గాదు.

పీట ఏసుకొని, చీర మోకాళ్ల దాక ఎత్తుకొని, కాళ్లు బారజాపి, అత్త చేసినట్టే పిల్లిని పాదాల దిక్కు మొహం పెట్టి బోర్ల పండబెట్టింది. మిస్రీ ముందుగాల గోర్లు దింపింది. "అబ్బ, నీ తల్లి!" అని కండ్లు మూసుకొని ఓర్చుకుంది గని ఇందిరమ్మ కాళ్లు తియ్యలే. కండ్లల్ల పడకుండ నొసలు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, మెల్లగ, సన్నగ నీళ్లు పోసింది. రెండో చెంబుకో మూడో చెంబుకో పిల్లి ఒళ్లు మెత్తబడ్డది. ఇంకా కాసేపటికి గుర్రు మొదలుపెట్టింది.

"ఓసి దొంగమొకమా, గిదా నీకు కావాల్సింది" అన్నది ఇందిరమ్మ.

ఆనాటి సంది పనులన్ని ఒడిసినంక ఆమె అరుగు మీద కాళ్లు జాపి కూసుంటే మిస్రీ పిలువకుండనే వచ్చి పండేది. కిటికీల దువ్వెన కిందికి దిగింది. దువ్వెన దూరని కాడ వేళ్లు దూరినయి. పత్తి మొగ్గ విప్పి, లోపలిది నలగకుండ గిల్లే పని ఏండ్లకు ఏండ్లు చేసిన వేళ్లు అవి. ఉండను కొస నుంచి పాయలు పాయలుగ విడదీసుకుంటూ, ఆమె తెలియకుండనే ఉంగా ఉంగా అని మాట్లాడేది. భీమన్న చూసి, "పిల్లితోని కతలు చెప్తున్నవా?" అని ఎగతాళి పట్టిచ్చిండు. ఆమె పట్టించుకోలే.

ఆదివారం పొద్దున, తోవల కక్కుతదేమోనని పిల్లికి తిండి పెట్టకుండ, గంపల కూసోబెట్టి, పైన పాత తుండు కట్టి యేసయ్య దుకాణానికి తీసుకపోయింది. యేసయ్య అంతా తడిమి చూసిండు. అన్ని చిక్కులు పోయినయి గని, కడుపు కింద ఒక్కటి తోలుకు అతుక్కొని ఉండిపోయింది. "ఇది పీకితే నొస్తదమ్మా" అని అక్కడొక్క కాడ మిషన్ పెట్టిండు. గోర్లు తీసి, తానం చేయించి, గాలి మిషన్‌తోని ఆరబెట్టి ఇచ్చిండు. మిస్రీ మల్లెపూల లెక్క తెల్లగ వచ్చింది. కడుపు మీద మాత్రం అరచెయ్యంత బోడి జాగ, గులాబి రంగుల కనబడుతుంది.

సోమవారం శ్రీవాణి ఆటో దిగింది. దిష్టి తీసినంక బిడ్డను శ్రవణ్ చేతికిచ్చి, ముందుగాల మిస్రీని ఎత్తుకుంది. ఎత్తుకున్నది ఎత్తుకున్నట్టే ఎల్లకిల తిప్పింది.

"ఇదేంది అత్తమ్మా?"

వేడి చేసిందని చెప్పొచ్చు. ఏదో కరిచిందని చెప్పొచ్చు. ఇందిరమ్మకు అబద్ధం నోట్లకు రాలే. "ఉండలు కట్టిందమ్మా. నువ్వు దువ్వుమన్నవు, నేను దువ్వలే. ఈ వారం దినాలే దువ్విన" అన్నది.

శ్రీవాణి పిల్లిని దించి లోపలికి పోయింది. ఆ ఏమనకపోవుడు ఇందిరమ్మను పొద్దంతా కాల్చింది.

సాయంత్రం బిడ్డ తానానికి వేడినీళ్లల్ల చన్నీళ్లు తొరిపి పెట్టుమన్నది కోడలు. అంతే అన్నది, మీరే పొయ్యండి అనలే. ఇందిరమ్మ నీళ్లు తొరిపి, చెంబు పక్కన పెట్టి, మోకాళ్లు గుంజుతుంటే అట్లనే పీట మీద కూలబడి కాళ్లు జాపింది. ఎక్కడుందో మిస్రీ, ఉరికొచ్చి ఆ కాళ్ల మీద ఎక్కి, పాదాల దిక్కు మొహం పెట్టి బోర్ల పండింది. గుర్రు గూడ మొదలుపెట్టింది.

బిడ్డను ఎత్తుకొని వచ్చిన శ్రీవాణి గడపల్నే ఆగింది. తానమంటే తన మీదికే గోర్లు తీసే పిల్లి అది. ఆమె దగ్గరికొచ్చి వంగి, "లే మిస్రీ, లే. గది బిడ్డ జాగ" అని ఒక చేత్తో దాన్ని పక్కకు జరిపి, ఇంకో చేతిల ఉన్న బిడ్డను అత్త కాళ్ల మీద పండబెట్టింది.

"జూన్ల నేను బడికి పోయినంక గూడ మీరే పొయ్యాలె అత్తమ్మా. ఆముదం మాత్రం వద్దు. మామయ్య అంతా చెప్పిన్రు."

ఇందిరమ్మకు నవ్వు, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చినయి. కండ్లు తుడుచుకోను చేతులు ఖాళీ లేవు. మనుమరాలి నొసలు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, మెల్లగ, సన్నగ మొదటి చెంబు పోసింది.