సూది మార్చు

నర్సింహులపేట దగ్గర లక్ష్మీకాంత్ పటేల్ మిరపతోటలో కాయ ఏరేది తండా ఆడవాళ్లే. దాహమైతే అందరూ ఒకే చెంబును కరుచుకుని తాగుతారు. నీలి మాత్రం దోసిలి పట్టాలి. మేస్త్రీ కాటమయ్య పైనుంచి పోస్తాడు. ఆమె భర్త హీర్యా ఎయిడ్స్‌తో పోయాడు. ఆమెకూ ఆ రోగమే, దవాఖాన మందులు మింగుతూ పనిచేసుకుంటోంది.

పటేల్‌ను తిట్టే ముందు మన తండా సంగతి చెప్పుకోవాలి. హీర్యాను తోట గట్టు మీది గుడిసెలో పడేసి, అన్నం దూరంగా పెట్టింది తండానే. పోయాక మోయడానికి నలుగురు దొరకలేదు. గాలి వీస్తే ఆ గట్టు మీద అతని దగ్గు వినిపిస్తుందని ఎవరూ అటు కూర్చోరు. నీలి ఒక్కతే కూర్చుంటుంది.

ఆ మాఘంలో అందరికీ జ్వరాలు. తెలంగాణ దీక్షా శిబిరంలో ముందు వరసలో కూర్చునే పటేల్, ఏరుడు ఆగుతుందని ఆర్‌ఎంపీ డాక్టరును తోటకే పంపాడు.

"ముందుగాల నీలికి సూదేసి పంపు. దూరం పోయి కూసుంటది," అన్నాడు కాటమయ్య.

డాక్టరు వేశాడు. అదే సూదిని దూదితో తుడిచి, మళ్లీ మందు ఎక్కించి, నీలితో కాయ ఏరే శోభ కూతురు సౌందర్యను పిలిచాడు.

గట్టు దాకా పోయిన నీలి వెనక్కి చూసింది. పరుగున వచ్చి సౌందర్య భుజాన్ని అరచేత్తో కప్పింది.

"సూది మార్చు."

"ఏయ్, పిల్లను అంటుకోకు," అన్నాడు కాటమయ్య.

"అంటుకుంటే రాదు మేస్త్రీ. గా సూదికి నా నెత్తురున్నది. గది గుచ్చితే వస్తది. దవాఖానల సిస్టరు చెప్పింది."

శోభ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "గిన్ని దినాలు చెంబుకు భయపడ్డం. సూదికి చెయ్యి సాపినం."

డాక్టరు సంచిలో వేరే సూది లేదు. కబురందుకుని పటేల్ శిబిరం నుంచి మెడలో కండువాతోనే వచ్చాడు.

"సూది కోసం గింత లొల్లెందుకు? రాష్ట్రం రానీండ్రి, అన్నీ వస్తయి. జర కాయ ఏరుండ్రి."

"రాష్ట్రం కోసం మేం గూడ రోడ్డు మీద కూసున్నం పటేలా," అన్నది శోభ. "మనిషికో కొత్త సూది వచ్చేదాక కాయ ముట్టం. నీలికి దోసిట్ల నీళ్లు పోసుడు గూడ బంద్."

"రేపు వేరే తండోళ్లను తెస్త."

"తే. వాళ్లకు గూడ చెప్తం."

శోభ చెంబు తెచ్చి నీలికిచ్చింది. నీలి కరుచుకుని తాగింది. ఆ చెంబుతోనే శోభ తాగింది, తర్వాత సౌందర్య, తర్వాత అందరూ. కాయ చెట్టు మీదే వదిలేసి, హీర్యా గట్టెక్కి కూర్చున్నారు.

గాలి వీచింది. గుడిసె వైపు నుంచి దగ్గు.

సౌందర్య తల్లి చేయి పట్టుకుంది. "యాడీ, హీర్యా కాకా."

"విను బిడ్డా," అన్నది శోభ. "గప్పుడు మనం వినలే."

ఎవరూ లేవలేదు.