సగం ఓళిగ

“కన్నది నువ్వే. కాదంటాండానా? పిల్ల పండుకునేది మాత్రం నా పక్కన,” అంది అంజనమ్మ, పెనం మీది ఓళిగను, పూర్ణం పెట్టిన బొబ్బట్టును, తిరగేస్తూ.

పొద్దుటి నుంచి ఆమె ఆ మాట అనడం ఇది మూడోసారి. మనవరాలి గౌన్లు మడతపెడుతున్న కోడలు నాగజ్యోతి కూడా పాత జవాబే మళ్ళీ ఇచ్చింది.

“ఆసుపత్రిలో ఒక్కరికే పాస్ ఇస్తారత్తా. తల్లి ఉండంగా అవ్వ ఎందుకని వాళ్ళే అడుగుతారు.”

“ఎవురడిగేది? చూపించు, నేను మాట్లాడతా.”

“నువ్వేమన్నా ఎమ్మెల్యేవామ్మా, పోయి మాట్లాడేకి?” అన్నాడు బాలాజి. పెనుకొండ తాలూకాఫీసు ముందర అతనికి జిరాక్సు అంగడి ఉంది. అర్జీలు పట్టుకుని వచ్చేవాళ్ళ తగాదాలు ఎన్ని విన్నాడో కానీ, ఇంట్లో తల్లికీ పెళ్ళానికీ మధ్య పడి ఇంతవరకు ఒక్కటీ తీర్చలేదు. “ఇద్దరూ చీటీలు వేసుకోండి.”

“నువ్వు గమ్మునుండు,” అన్నారు ఇద్దరూ. ఆ ఒక్క విషయంలో కలిశారు.

వాళ్ళ ఎనిమిదేళ్ళ పిల్ల చిత్రకు మంగళవారం హిందూపురంలో టాన్సిల్స్ ఆపరేషన్. రెండేళ్ళుగా నెలకోసారి జ్వరం, గొంతువాపు. నిద్రలో నోరు తెరిచి గురక. మధ్యలో గురక ఆగిపోయి, ఊపిరి అందక పిల్ల ఉలిక్కిపడి లేవడం మొదలయ్యాక డాక్టర్ ఇక ఆగొద్దన్నాడు. వార్డులో పిల్ల దగ్గర ఒక్కరే ఉండాలి. ఆ ఒక్కరే ఆపరేషన్ గదిలోకి కూడా వెళ్ళి, మత్తు ఎక్కేదాకా చేయి పట్టుకుని ఉండవచ్చు. మిగిలిన వాళ్ళంతా కింద కుర్చీల్లోనే. తగువంతా ఆ చేయి గురించే.

చిత్రకు రెండేళ్ళప్పుడు నాగజ్యోతికి గ్రామ సచివాలయంలో ఉద్యోగం వచ్చింది. మొదటి పోస్టింగు ఆమడగూరు. సోమవారం వెళ్తే శనివారం రావడం. ఆ రెండేళ్ళలో పిల్ల అవ్వ పక్కకు చేరింది. తర్వాత బదిలీ అయి నాగజ్యోతి పెనుకొండ దగ్గరికి వచ్చినా, పిల్ల మాత్రం ఆ పక్క వదిలి తిరిగి రాలేదు. పొద్దున్నే అవ్వ చీర మడతల్లోంచి లేచి వచ్చే కూతురిని చూసి ఆమె ఏమీ అనేది కాదు. ఆసుపత్రిలో ఉండే ఈ రెండు రోజులైనా తనవి కావాలని మాత్రం గట్టిగా అనుకుంది.

“అమ్మా, తీసిన టాన్సిల్స్ మనకిస్తారా?” అంటూ చిత్ర వంటింట్లోకి వచ్చింది.

“ఏం చేసుకుంటావే?”

“చూస్తా. ఎట్లుంటాయో తెల్దు గదా.”

ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది. ఏమేం తెచ్చుకోవాలి, ఎప్పటినుంచి తినకూడదు, ఆపరేషన్ తర్వాత ఏం జరుగుతుంది, అన్నీ తెలుగులో వరసగా రాశారు. వారం నుంచి నాగజ్యోతి రోజూ సాయంత్రం దాన్ని పిల్లకు చదివి వినిపిస్తోంది. అర్థం కానిచోట ఫోనులో బొమ్మలు చూపించింది. చెప్పకుండా తీసుకుపోతే పిల్ల మళ్ళీ మనల్ని నమ్మదని ఆమె పట్టు. ఇప్పుడా కాగితమంతా చిత్రకు నోటికి వచ్చు.

“కోసేది గొంతు గదా?” అంది అంజనమ్మ ఉన్నట్టుండి. “కడుపెందుకు మాడ్చల్ల?”

“తినగూడదన్నారత్తా.”

“అదే, ఎందుకని?”

“వద్దన్నారు, అంతే. ఆ కాగితంలో ఉండాది చూడు.” మిగిలిన సర్దుడు గుర్తొచ్చి నాగజ్యోతి గదిలోకి వెళ్ళిపోయింది. అత్తకు చదువు రాదన్న సంగతి ఆ క్షణాన ఆమెకు తట్టలేదు.

మంగళవారం పొద్దున ఆరున్నరకు కారు వాకిట్లో ఆగింది. పెరట్లో అంజనమ్మ చిత్రకు జడలు వేస్తోంది. రోజూ ఐదు నిమిషాల్లో అయ్యే జడలు ఆ పొద్దు పావుగంట పట్టాయి. కారు కోట గోడ పక్కనుంచి హైవే ఎక్కేదాకా చిత్ర ఒక్క ప్రశ్నా అడగలేదు.

“భయమవుతాందా?” అని నాగజ్యోతి దగ్గరికి తీసుకుంది.

పిల్ల లేదని తల ఊపి కిటికీ వైపు తిరిగింది.

ఆసుపత్రిలో ముందు బరువు చూశారు. చేతికి పేరు రాసిన పట్టీ కట్టారు. సూది గుచ్చేచోట తిమ్మిరెక్కాలని రెండు చేతుల మీదా తెల్లటి మందు పూసి, పైన పలచటి కాగితం అంటించారు. నర్సు ఉషారాణి ఆకుపచ్చ తాడున్న పాస్‌ను నాగజ్యోతి మెడలో వేసింది. అంజనమ్మ దాన్ని చూసి, కొడుకుతో కిందికి దిగిపోయింది.

“చివరగా ఎప్పుడు తినింది?” నర్సు కాగితం మీద రాసుకుంటూ అడిగింది.

“రాత్రి ఎనిమిదికి. పెరుగన్నం,” అంది నాగజ్యోతి. అన్నీ పద్ధతిగా చేశానన్న నిబ్బరం ఆ గొంతులో ఉంది.

నర్సు రాస్తున్న అక్షరాల వంకే చిత్ర చూస్తూ ఉండిపోయింది.

పది గంటలకు మత్తు డాక్టర్ ఆదినారాయణ వచ్చి, నిలబడకుండా మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. చిత్ర నోరు తెరిపించి చూశాడు, ఊగే పళ్ళు ఉన్నాయా అని అడిగాడు. “నువ్వు కూడా ఏమన్నా అడుగు,” అన్నాడు.

“నిద్దరపోయినాక నాకు కలలొస్తాయా?”

“కొందరు వచ్చాయంటారు. నువ్వు లేచి నాకు చెప్పాలి.”

“టాన్సిల్స్ ఇస్తారా?”

“చూపించమని పెద్ద డాక్టర్‌కు చెప్తా. ఇవ్వం.”

చిత్ర కాసేపు దుప్పటి అంచు మెలిపెట్టింది. “సార్, మత్తుమందు కడుపులోకి పోయి చూస్తాదా?”

“ఎందుకు తల్లీ?”

“ఆడేమన్నా ఉంటే దానికి తెలుస్తాదా అని.”

డాక్టర్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. “ఏముంటే?”

“ఊరికే అడిగినా. ఇప్పుడు... ఓళిగ ఉంటే?”

“ఎంత ఓళిగ?”

“సగం,” అంది చిత్ర. “నెయ్యేసిన్యారు,” అని కూడా చెప్పింది.

నాగజ్యోతికి పావుగంట పట్టిన జడలు గుర్తొచ్చాయి.

డాక్టర్ ఎవరినీ కోప్పడలేదు. చెప్పి మంచి పని చేశావని చిత్ర భుజం తట్టి, అసలు సంగతి ఆ పిల్లకే వివరించాడు. గొంతులో రెండు దారులుంటాయి, మత్తులో గాలి దారికి కాపలా ఉండదు, కడుపులో ఉన్నది పైకి తన్ని ఆ దారిలో పడితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ప్రాణం మీదికే రావచ్చు. లేచి నిలబడి, “రేపు పొద్దున ఎనిమిదికి పెట్టుకుందాం. ఈ రోజుకు ఇక్కడే ఉండండి,” అన్నాడు.

ఆ పగలంతా నాగజ్యోతి అత్తతో అనాల్సిన మాటలు పేర్చుకుంటూ గడిపింది. ఒక్కో మాటా పదునుగానే కుదిరింది. పిల్ల ఆ ప్రశ్న అడగకపోతే ఏమయ్యేదో అనుకున్నప్పుడల్లా ఇంకో మాట తోడయ్యేది.

సాయంత్రం నాలుగింటికి చూడ్డానికి అందరినీ పైకి వదిలారు. మేనకోడలికి ఆపరేషన్ అయిపోయి ఉంటుందనుకుని, బాలాజి చెల్లెలు భారతి ధర్మవరంలో మగ్గం మీది చీర అట్లే వదిలేసి బస్సెక్కి వచ్చింది. చిత్ర ఉప్మా తింటూ కనపడేసరికి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏమబ్బా ఇది? ఆపరేషన్ ఉప్మాతో చేసినారా?”

“మీ అమ్మనడుగు,” అన్నాడు బాలాజి. నాగజ్యోతి ఫోనులో సంగతి చెప్పినప్పటి నుంచి, కింద తల్లి పక్కనే కూర్చుని కూడా అతను ఆమెతో మాట్లాడలేదు. “పిల్ల పానం మీదికి తెచ్చిపెట్టింది. దొంగతనంగా ఓళిగ పెట్టి పంపించింది.”

అంజనమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. కోడలు ఏమంటుందా అని చూస్తోంది.

పేర్చుకున్న మాటలన్నీ నాగజ్యోతి నోటిదాకా వచ్చాయి. కానీ వాటి కింద ఇంకో మాట ఉంది. ముందు అదే బయటపడింది.

“ఎందుకు పెట్టినావత్తా?”

అది తిట్టు కాదని అర్థం కావడానికి అంజనమ్మకు కొంచెంసేపు పట్టింది. కూతురు భారతి వైపు చెయ్యి చూపించింది. “దాన్నడుగు.”

“నన్నా?” భారతి తడబడింది. “నాకు ఏడేండ్లప్పుడు కడుపు కోసినారు వదినా, అపెండిక్స్ అని. ధర్మవరంలోనే. ఏం గుర్తులేదు నాకు. ఒక్క ఆకలి తప్ప.”

“నాకన్నీ గుర్తే,” అంది అంజనమ్మ. “తలుపుకు ఈ పక్కన నేను. అమ్మా ఆకలి, అమ్మా ఆకలి అని లోపల్నుంచి అరుస్తాండె. ఎందుకయ్యా బిడ్డ నోట్లో ఇంత పెట్టనీరు అంటే, చెప్పింది చెయ్యమ్మా, అంతే అనిరి. ఒక పగలూ ఒక రాత్రీ విన్న్యా ఆ అరుపు.” గొంతు తగ్గించింది. “ఈతూరి మిమ్మల్నడిగితి. మీరూ అంతే అంటిరి.”

బాలాజి తల తిప్పుకున్నాడు. ఫ్రిజ్ మీది కాగితం నాగజ్యోతి కళ్ళ ముందుకు వచ్చింది. దాన్ని అందరూ చదివారు. పిల్లకు చదివి వినిపించారు. పిల్లకు రోజూ మూడు పూటలా తినిపించే మనిషికి మాత్రం వినిపించలేదు.

“అవ్వా, ఈడికి రా,” అంది చిత్ర, మంచం మీద పక్కకు జరుగుతూ. “నేను చెప్తా. నాకూ ఈ పొద్దే తెలిసింది. గొంతులో రెండు దార్లుంటాయి. ఒకటి బువ్వకు, ఒకటి గాలికి. గాలి దారికి ఒక తలుపుంటాది. మనం మింగేటప్పుడు అది మూసుకుంటాది.”

అంజనమ్మ మంచం మీద కూర్చుని, గొంతు మీద చేయి పెట్టి గుటక వేసి చూసుకుంది. “ఊఁ.”

“మత్తులో ఆ తలుపు కూడా నిద్దరపోతాది.”

“అంటే నేను పెట్టిన ఓళిగ...”

“పైకొచ్చి గాలి దారిలో పడచ్చంట.”

అవ్వ చేయి తన గొంతు మీదే ఆగిపోయింది. “మరి భారతికి ఆ పొద్దు అందుకే పెట్టనీల్యా?”

“అందుకే.”

“ఈ ముక్క ఒగడు చెప్పింటే నేను ఇన్నేండ్లు...” మాట పూర్తి చేయకుండా చీర చెంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత మెల్లగా అడగడం మొదలుపెట్టింది. “నీళ్ళు తాగచ్చా?”

“పొద్దున ఆరుదాకా. నీళ్ళు బిరీన కిందికి పోతాయి.”

“పాలు?”

“పాలు నీళ్ళ లెక్క కాదవ్వా, బువ్వ లెక్కే. రాత్రి పన్నెండు దాటితే ఏదీ వద్దు.”

“లేచినాక ఏడుస్తావా?”

“ఏడుస్తానేమో. యాడున్నామో తెల్దంట కొంచేపు. చెవులు కూడా నొప్పి పుడతాయంట.”

“కోసేది గొంతు, నొప్పి చెవుల్లోనా? అదెట్ల?”

“అది నాకూ తెల్దు. రేపు సార్‌ను అడుగుదాం. నువ్వు గుర్తు చెయ్యి.”

“మరి తినేకి ఏం పెట్టల్ల?”

“ఐస్‌క్రీమ్.”

“పోవే, ఉత్తదే చెప్తాండావు!”

“దేవుని తోడు! కాగితంలో ఉండాది. అమ్మనడుగు.”

“ఉండాదత్తా,” అంది నాగజ్యోతి. భారతి నవ్వింది. బాలాజి కూడా నవ్వు ఆపుకోలేక కిటికీ దగ్గరికి పోయాడు.

అవ్వా మనవరాలూ ఒకరినొకరు అడుగుతూనే ఉన్నారు. నెత్తురు వస్తే ఎవరిని పిలవాలి, గంట ఎక్కడుంది, ఎన్ని రోజులు బడికి పోకూడదు. నాగజ్యోతి గోడకు ఆనుకుని వింది. వారం రోజుల్లో చిత్ర తనను అడిగిన ప్రశ్నలే అవి. ఇంచుమించు అదే వరసలో.

ఆరవుతుండగా ఉషారాణి తలుపు దగ్గరికి వచ్చింది. “పాస్ ఉన్నోళ్ళు తప్ప మిగతావాళ్ళు దిగాలమ్మా.”

అందరికంటే ముందు అంజనమ్మే లేచింది. “పోతా. నేను చేసింది చాలు,” అంటూ సంచి అందుకుంది. కానీ కదలలేకపోయింది. చీర చెంగు చిత్ర గుప్పిట్లో ఉంది. పిల్ల తల్లి వైపు ఒకసారి చూసి, చూపు దించుకుంది. వేళ్ళు మాత్రం వదలలేదు.

ఆ వేళ్ళను నాగజ్యోతి చూసింది. మెడలో ఆకుపచ్చ తాడు పొద్దుటి నుంచి ఒరుసుకుని మంటగా ఉంది. దాన్ని తల మీంచి తీసి చేతిలో పట్టుకుంది. తర్వాత దుప్పటి సర్దుతున్నట్టుగా వంగి, అందరికీ వినపడేలా, గొంతు పెంచకుండా చెప్పింది.

“ఈ రాత్రి చిత్ర దగ్గర అత్త ఉంటాది. రేప్పొద్దున లోపలికి చేయి పట్టుకుని పోయేది కూడా అత్తే. నేను కింద ఉంటా. పన్నెండు దాటినాక పిల్ల నోట్లోకి ఏమీ పోకుండా చూసుకునేది కూడా అత్తే.”