రెండు మునకలు, ఏడు మునకలు

బానలోంచి తీసినప్పుడు నూలు ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగలాలి. అప్పుడే నీలం.

ఈ పొద్దు కూడా గాలి తగిలింది.

బాన బతికింది.

మొన్న దాని మీదికి గడ్డపార లేచింది...

మా నాయన నాటిన నీలి బాన. సున్నం తిని, బెల్లం తిని బతికే ప్రాణి. మూడో తరగతిలో పలక పారేసి దాని పక్కన కూర్చున్నాను. నలభై ఏళ్లు. మోచేతుల దాకా నీలమే. పెళ్లి పంక్తుల్లో నా పక్క చోటు ఎప్పుడూ ఖాళీయే.

మగ్గాల యజమాని ఉచ్చీరప్పకు మద్రాసు నుంచి కాగితం వచ్చింది. దుప్పట్ల రంగుకు ఒకటే ఇంగ్లీషు మాట — బ్లూ.

"ఎన్ని మునకలప్పా?" అన్నాను.

"బ్లూ అంటే బ్లూ. మూడో తరగతోనికి ఇంగ్లీషు గూడా నేనే సెప్పల్లనా?"

మళ్లీ అడగలేదు. ఉక్రోషం.

సగం నూలు రెండు మునకలు ముంచాను — ఎండాకాలపు పొద్దుటి ఆకాశం. సగం ఏడు మునకలు — వానకు ముందు ఆకాశం.

మునకకు ఒక ముడి. ప్రతి నూలు చిలప కొసనా. అది మా నాయన అలవాటు.

ఉచ్చీరప్ప ముడులు చూడలేదు. రంగులు చూశాడు.

"ఒక రంగు సెప్తే రెండొచ్చినాయి. నీ బాన సచ్చిపోయింది మహానందీ! పగలగొట్టి ఆదోని నుంచి డబ్బా రంగు తెప్పిస్తా."

గడ్డపార తానే ఎత్తాడు.

అప్పుడే వాకిట్లో జీపు ఆగింది. ఆదోనిలో పత్తి చూసి, ఎమ్మిగనూరులో మగ్గాలు చూద్దామని వచ్చిన రష్యా వాళ్లు. వాళ్లలో ఒక పెద్దావిడ. ఆమె మాట మనకు చెప్పే మద్రాసు తెలుగాయన.

ఆమె తిన్నగా దండెం దగ్గరికి పోయింది. ముడులు తడిమింది. లెక్కపెట్టింది. నా వైపు చూసింది.

"రెండు. ఏడు. కావాలనే ఏసినానమ్మా," అన్నాను.

లేతదాన్ని పట్టుకుని, "గలుబోయ్" అంది.

ముదురుదాన్ని పట్టుకుని, "సీనీ" అంది.

"వాళ్లకివి ఒకే రంగులో లేత, ముదురు కాదండీ," అన్నాడాయన. "ఎరుపు వేరు, పసుపు వేరు అన్నట్టు... రెండు రంగులు. బ్లూ అంటే, ఏ బ్లూ అని ఆమె కూడా అడుగుతుందట."

ఆమె కూడా అడుగుతుందట.

"మరి మా ఆయప్ప సేతులు ఏ రంగంట? అడగప్పా," అంది నా భార్య తిమ్మక్క, తలుపు చాటు నుంచి.

పెద్దావిడ నా చేయి పట్టుకుని చూసింది. ఎవరూ పట్టుకోని చేయి.

"సీనీ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఇంగ్లీషులో బ్లూ అంటే దిగులు కూడా," అన్నాడాయన.

"దిగులుకు వీళ్లేమంటారు సామీ?" అన్నాను.

"తస్కా. దానికి రంగు లేదట."

రంగు లేదట... ముంచక్కర్లేదు. ఆరేయక్కర్లేదు.

ఉచ్చీరప్ప గడ్డపార గోడకు ఆనించాడు. "మద్రాసుకు జాబు రాస్తాలే. ఏ బ్లూనో వాళ్లనే సెప్పమంటా."

నలభై ఏళ్ల ఊపిరి ఒక్కసారి వదిలాను.

జాబు పోయింది. జవాబు ఇంకా రాలేదు. గడ్డపార గోడకే ఉంది.

పొద్దున్నే కొత్త చిలప ముంచాను. తీశాను. ఆకుపచ్చ వెళ్లిపోతోంది — నీలం ఇంకా రాలేదు — ఆ నడిమి రంగును రష్యా వాళ్లేమంటారో...

అడగలేదు.

గాలి తగులుతోంది.