మొదటి చెయ్యి

గోరువెచ్చటి నీళ్లలోంచి చేతులు తీసి, తువ్వాలుతో అద్దుకుని, గౌదెంజియో పందికొవ్వు డబ్బా మూత తీశాడు. ముందు అరచేతులకి, తర్వాత వేళ్ల సందుల్లో, ఆఖరున బొటనవేలి కింది కండకి పట్టించాడు. చలికి చర్మం పగిలితే చప్పట్ల మోత పలచబడిపోతుంది. క్రెమోనాలో ఒకసారి పొగమంచు దిగిందంటే ఎండ ముఖం చూడ్డానికి వారాలు పడుతుంది. ఆ రోజుల్లో పరుపుల ఉన్ని ఏకే పని అంతంతమాత్రం. ఆ పని చేతుల్ని గరుకు చేస్తుంది కనక లేకపోవడమే మేలని అతను సరిపెట్టుకునేవాడు.

ఇల్లు అద్దెకిచ్చిన తెయొదొలిండా మొక్కజొన్న పిండితో వండిన పోలెంతా ముక్క పళ్లెంలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"పెళ్లికూతురైనా చేతులకింత సేవ చేసుకోదయ్యా! ఎవరైనా పట్టుకుంటారనా?"

"పట్టుకోడానికి కాదమ్మా, కొట్టడానికి."

"ఊరందరికీ కొడతావులే. చల్లారకముందే తిను."

ఆమె వెళ్లిపోయింది. చాలా రోజుల్లో అతనితో మనుషులు మాట్లాడే మాటలు అంతటితో సరి. గదిలో కుర్చీలు రెండున్నాయి. రెండో దానిమీద ఎప్పుడూ అతని బట్టలే కూర్చునేవి.

గౌదెంజియో ఒపెరాలో చప్పట్లు కొట్టే దండులో మనిషి. కొత్త గాయని ఊళ్లోకి దిగగానే దండు మేస్త్రీ ఫుల్వియోకి మామూలు ముట్టజెప్పేది. అది తప్పని ఎవరూ అనుకోలేదు. బాజా లేని పెళ్లెక్కడైనా ఉందా? దండంతా గ్యాలరీలో తలో మూలా కూర్చునేది. ముందు వరస నడుమ గౌదెంజియో. అతని చేతులు మోగితే దండు మోగేది, దండు మోగితే హాలు మోగేది. అందుకే అతన్ని 'మొదటి చెయ్యి' అనేవారు. రెండు అరచేతులూ కాస్త గుంట చేసి, గొంతు ఆగీ ఆగకముందే అందుకోవాలి. క్షణం ఆలస్యమైతే జనానికి ఆలోచన వస్తుంది. ఆలోచనలో పడ్డ జనం చప్పట్లు కొట్టరు.

"పాట వినకు, దాని తోక మీద, ఆఖరి స్వరం మీద కన్నేసి ఉంచు," అని మేస్త్రీ మొదట్లోనే నేర్పాడు. గౌదెంజియో బుద్ధిమంతుడు. జుట్టు నెరిసేదాకా తోకలే విన్నాడు. ఏ ఒపెరాలో ఎవరు ఎందుకు చచ్చిపోతారో అతనికి సరిగ్గా తెలియదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆటలో దెల్ఫీనా అనే పిల్ల మొట్టమొదటిసారి రంగం మీదికొచ్చింది. సముద్రం మీదికి పోయి తిరిగిరాని మనిషి కోసం రోజూ భోజనానికి బల్ల సర్దే పనిమనిషి వేషం. పళ్లెం పెట్టింది, రొట్టె పెట్టింది, ఖాళీ కుర్చీ వైపు తిరిగి పాట ఎత్తుకుంది. పెద్ద గొంతేమీ కాదు. పక్కనే కూర్చున్నవాడికి చెప్పుకున్నట్టు పాడింది. ఆలస్యమైనందుకు కుర్చీని కోప్పడింది, మళ్లీ బతిమాలింది.

గౌదెంజియో విన్నాడు. తోక సంగతే మరిచిపోయాడు. తన గదిలోని రెండో కుర్చీ కళ్లముందు కదిలింది. ఇన్నేళ్లలో ఆ బట్టలు తీసి పక్కన పెట్టి, ఎవరినైనా కూర్చోమందామని కూడా తనకి తోచలేదు. ఏడుపొచ్చింది. పాట అయిపోయింది. అతని చేతులు మోకాళ్ల మీదే ఉండిపోయాయి.

దండంతా ఆ చేతుల వంకే చూస్తోంది. హాలంతా దండు కోసం చూస్తోంది. క్రెమోనా జనానికి ఈలలు వచ్చు, బూతులూ వచ్చు. వాటిని దిగమింగుకున్న గాయనులున్నారు. ఆ నిశ్శబ్దాన్ని దిగమింగుకున్నవాళ్లు లేరు. పిల్ల సగం వంగి నమస్కరించబోయి, ఆగి, గ్యాలరీ వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు కింద ఎవడో ఎగతాళిగా ఈల వేశాడు. దాని వెనకే నవ్వులు.

విరామంలో ఫుల్వియో వచ్చి అతని కాలరు పట్టుకున్నాడు.

"ఎంతిచ్చార్రా? ఆ మిలాను ఆవిడ మనుషులేనా?"

ఆ వేషం తనకి రాలేదని మిలాను గాయని మండిపడుతున్న మాట ఊరందరికీ తెలుసు. చప్పట్లు అమ్మే బజారులో మౌనం కూడా అమ్ముతారు.

"ఎవరూ ఇవ్వలేదు మేస్త్రీ. విన్నాను."

"ఏం విన్నావ్?"

"పాట."

ఫుల్వియోకి నవ్వొచ్చింది. "అబద్ధమాడినా కాస్త అతికేలా ఆడాలిరా ముసలోడా! లే. ఇంక ఈ గ్యాలరీలో కాలు పెట్టకు."

గౌదెంజియో లేచి, కిందికి దిగి, గాయనుల గది తలుపు తట్టాడు. లోపల పిల్ల ముఖానికి వేసిన రంగు కన్నీళ్లకి చారలు కట్టింది. తల్లి పాలగ్లాసు పట్టుకుని బతిమాలుతోంది.

"ఎవరు నువ్వు?" అంది తల్లి.

"చప్పట్ల మనిషినమ్మా. చాలా బాగా పాడావని చెబుదామని వచ్చాను, తల్లీ."

దెల్ఫీనా తలెత్తింది. "బాగుంటే మరి నీ చేతులేమయ్యాయి?"

అతను తన చేతులు చూసుకున్నాడు. మాటలతో అలవాటు లేని మనిషి.

"వెళ్లు నాయనా, పిల్లని ఇంక ఏడిపించకు," అని తల్లి తలుపేసింది.

ఇంటికి పోబుద్ధి కాలేదు. గ్యాలరీ మెట్లెక్కి, మూసిన తలుపు పక్క ఆఖరి మెట్టు మీద, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. లోపల తెర లేచింది. మొదటి చెయ్యి చోట్లో ఈసారి మేస్త్రీయే కూర్చున్నాడేమో, పాట ముగిసీ ముగియకముందే చప్పట్లు పడ్డాయి. హాలు అందుకుంది. ఆ పిల్ల నిలబడింది. అమ్మయ్య అనుకున్నాడు గౌదెంజియో. ఆ తర్వాత తోకల జోలికి పోకుండా, తలుపు సందులోంచి ఎంత వినబడితే అంతా విన్నాడు. పనిమనిషి కథ ఏమవుతుందో తెలుసుకోవాలని అతనికి చాలా ఆత్రంగా ఉంది.

ఆట విడిచాక జనం బిలబిలమంటూ బయటికొచ్చారు.

"దారికడ్డం పడుకున్నావేంటయ్యా? లెగు!" అన్నాడొక కసాయివాడు. భుజం కదిపి చూశాడు, ఒళ్లు చల్లబడిపోయి ఉంది. టోపీ తీసేశాడు.

దెల్ఫీనా మర్నాడే తల్లితో మరో ఊరి బండెక్కింది. తెయొదొలిండా బుధవారం నాడు గది ఇంకొకరికి అద్దెకిచ్చింది.

విరామంలో బయటికి పోయేవాళ్లు చోటు పోకుండా కమ్మీకి రుమాలు కట్టి వెళ్లడం ఆ గ్యాలరీలో అలవాటు. మేస్త్రీ గెంటేసినా, గౌదెంజియో చేతులు ఊరుకోలేదు, లేస్తూ లేస్తూ తన రుమాలు కట్టేశాయి. వారం చివర ఊడ్వడానికొచ్చిన మనిషి విప్పబోయింది, ముడి రాలేదు. ముందు వరస నడుమ కమ్మీకి అతని నీలి గళ్ల రుమాలు అలాగే ఉంది.