రుక్కమ్మ గడ్డం మీది పచ్చబొట్లు

నా నోరు మంచిది కాదని ఇబ్రహీంపట్నంలో అందరికీ తెలుసు. ఫోటోకి కూర్చున్న మనిషి పళ్లికిలిస్తే, "పాస్‌పోర్టు ఫోటోనా, పెళ్లిచూపుల ఫోటోనా?" అని మొహం మీదే అడిగేస్తాను. అయినా నా స్టూడియోకి జనం వస్తారు, రిజిస్ట్రేషన్ ఆఫీసుకి దగ్గర కాబట్టి. భూముల బేరాలు జోరుగా సాగిన ఆ రెండువేల ఆరులో అమ్మేవాడికీ ఫోటో కావాలి, కొనేవాడికీ కావాలి. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ముఖాలే ముఖాలు. షట్టర్ దించాక వెనక గదిలో నాకు నేనే. తెనాలి నుంచి అన్నయ్య వెంట వచ్చాను. అన్నయ్య పోయాడు, వదిన పుట్టింటికి వెళ్లిపోయింది, నేను మిగిలాను. పెళ్లి సంగతి అడక్కండి, అప్పట్లోనూ ఎవరూ అడగలేదు. నా పేరు వేదవతి. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్లు కూడా లేరిప్పుడు, అందరికీ ఫోటో మేడమ్‌నే.

నాకొక గొప్ప ఉండేది. నా చేతిలో పడ్డ ముఖానికి మచ్చ మిగలదు. మొటిమ, గాటు, పుట్టుమచ్చ, ఏదైనా సరే మౌస్‌తో తుడిచిపారేసేదాన్ని. తీయమని ఎవరూ చెప్పక్కర్లేదు.

పెత్రమాస, అదే పోయిన పెద్దలని తలుచుకునే అమావాస్య, ఇంకో వారం ఉందనగా సాయన్న వచ్చాడు. పెద్దచెరువులో చేపలు పట్టే ముసలాయన. చంకలో అద్దం పగిలిన పటం, అందులో చెమ్మ తగిలిన బ్లాక్ అండ్ వైట్ ఫోటో.

"రంగులేసిస్తవా బిడ్డా? మా ఆమె, రుక్కమ్మ. పోయి మూడేండ్లాయె. గీ ఒక్కటే ఫోటో ఉన్నది. పెత్రమాసకు దండెయ్యాలె."

"చీరేం రంగు?"

"ఉల్లిగడ్డ పొట్టు రంగు. మలక్‌పేటల నేనే కొనిచ్చిన." ఒక్క క్షణం తడుముకోలేదు.

రెండు రోజులు కూర్చున్నాను. ఫోటో నిండా మిరియాల పొడి చల్లినట్టు చెమ్మ చుక్కలు. స్కాన్ చేసి, ఒక్కొక్కటీ ఏరి తుడిచాను. చామనచాయ వేశాను, చీరకి ఉల్లిపొట్టు రంగు, నుదుట ఎర్రటి కుంకుమ. కంప్యూటర్లో జాగా లేదని స్కాన్ చేసిన దాని మీదే సేవ్ చేశాను. కొత్త పటం కట్టి, పేపర్లో చుట్టి, పాతదీ కొత్తదీ చేతికిచ్చాను.

"పండగ నాడే ఇప్పి సూస్త" అన్నాడు, బుద్ధిగా చంకలో పెట్టుకుని.

అంతటితో ఊరుకుంటే నేను వేదవతిని ఎందుకవుతాను? "పగిలిన అద్దం ఇంట్లో ఉండకూడదు పెద్దాయనా. ఆ పాతది నీళ్లలో కలిపేయండి" అని ఉచిత సలహా పారేశాను.

పండగ మర్నాడు పొద్దున్నే వచ్చాడు. కొత్త పటం బల్ల మీద పెట్టాడు. దండ వేసిన గుర్తు లేదు.

"గీమె ఎవరు బిడ్డా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఎవరేమిటి, మీ ఆవిడే! పదేళ్లు తగ్గించి ఇస్తే కూడా వంకలేనా?"

"రుక్కమ్మకు గదువ మీద పచ్చబొట్లుండె. మూడు."

మా వైపూ ఉంటాయి పచ్చబొట్లు, మా అమ్మమ్మకే ఉండేవి. తెలియక కాదు, చెమ్మ చుక్కలతో పాటే చూడక తుడిచేశాను.

"పాత ఫోటో తెండి, మళ్లీ చేస్తాను."

"నువ్వే జెప్పినవ్ గద? చెరువుల నీళ్లున్న కాడిదాంక నడ్సుకుంట పోయి ఏసొచ్చిన."

"పోనీ, ఎక్కడెక్కడ ఉండేవో చూపించండి. చిటికెలో పెడతాను."

సాయన్న కంప్యూటర్ దగ్గరకొచ్చి వేలు చాపాడు. పెదవి కింద కుడివైపు పెట్టబోయాడు. ఆగాడు. ఎడమవైపు తెచ్చాడు. వేలు వెనక్కి తీసుకున్నాడు.

"యాదికొస్తలేదు" అన్నాడు, తనలో తనే భయపడ్డట్టు. "ముప్పై ఏండ్లు ముంగట కూసుండి బువ్వ పెట్టిన మనిషి. చీర రంగు యాదికున్నది గని గిది యాదికొస్తలేదు. ఎవ్వర్ని అడగాలె బిడ్డా? పిల్లలు లేకపాయె. దాని అక్క గూడ పోయింది."

తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. చూడలేకపోయాను. నోటికొచ్చిన అబద్ధం ఆడేశాను.

"అయ్యో, దానికింత బెంగ ఎందుకు? పాత ఫోటో సీడీలో దాచాను. మధ్యాహ్నం రండి."

ఆయన వెళ్లాక రుక్కమ్మా నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. చుక్కలు ఎక్కడ పెట్టినా అతికించినట్టే ఉన్నాయి. చివరికి గోడ అద్దం ముందు నిలబడి, కాటుక పెన్సిల్‌తో నా గడ్డం మీదే పెట్టి చూసుకున్నాను, పెదవి కింద ఒకటి, దాని దిగువ ఎడమగా రెండు. ఒంటి మీద చూశాక కుదిరింది. అలాగే రుక్కమ్మకి దింపి, ఆకుపచ్చ కలిపి ప్రింటు తీసి, పటంలో మార్చాను. ఈలోగా రిజిస్ట్రేషన్ పని మీద వచ్చినవాళ్లు నలుగురు ఫోటోలు దిగి వెళ్లారు. ఎవరి ముఖం వాళ్లు చూసుకున్నారు.

మధ్యాహ్నం సాయన్న పటం పట్టుకుని చాలాసేపు చూశాడు. ముఖం విప్పారింది.

"గిదే! గీడనే ఉండె! నువ్వు దాసిపెట్టకపోతే మొత్తం మర్శిపోతుంటి బిడ్డా."

దణ్ణం పెట్టబోయి తలెత్తాడు. చూపు నా గడ్డం మీద ఆగింది. మళ్లీ పటం చూశాడు, మళ్లీ నన్ను. అప్పుడు తట్టింది నాకు. గడ్డం మీద చెయ్యి పెట్టుకుంటే వేలికి కాటుక అంటింది. నలుగురు వచ్చి వెళ్లారు, నీ ముఖాన ఇదేమిటని ఒక్కళ్లూ అనలేదు.

"సీడీ లేదు గదా?" మెల్లగా అడిగాడు.

ఊరందరి మీదా లేచే నోరు నాది, అప్పుడు మాత్రం నిజం ఒప్పుకుంది. "లేదు. నేనే చెరిపేశాను. ఎక్కడుండేవో నాకూ తెలియదు పెద్దాయనా. తప్పయిపోయింది" అన్నాను. ఏడుపొచ్చేసింది.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. సాయన్న పటాన్ని తువ్వాలులో చుట్టుకుని, గడప దాకా వెళ్లి ఆగాడు.

"ఉండనీ. గింత ఆలోచన జేసి పెట్టినవ్. ఎవ్వలన్న అడిగితే, గీడనే ఉండెనని ఇద్దరం ఒక్క తీరుగ జెప్దాం."

"అలాగే" అన్నాను.

అడిగేవాళ్లెవరూ లేరని ఇద్దరికీ తెలుసు.